మంచు వెయ్యని రోడ్డు

మా ఆయన కట్టుడుపళ్ళు చేస్తారు. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపిస్తే, ల్యాబులో కూర్చుని కంటికి భూతద్దం బిగించుకుని, ఒక్కో పన్నూ అరగదీసి, రంగు కలిపి, వరస కడతారు. ఆయన చేసిన పళ్ళతో ఎంతమంది పకపకా నవ్వుతున్నారో లెక్కలేదు. ఆయన నవ్వడం మాత్రం నేను వేళ్ళమీద లెక్కపెట్టగలను. సాయంత్రం ఆరింటికి వస్తారు, కాళ్ళు కడుక్కుంటారు, టీ తాగుతారు, యుద్ధానికి బయల్దేరతారు.

ఆ యుద్ధం మా భోజనాలబల్ల మీదే. సగం బల్ల నాది, సగం ఆయనది. చిటికెనవేలంత సైనికులు, జానెడు లారీలు, అగ్గిపెట్టెంత గుడారాలు. పళ్ళ అచ్చుకు వాడే ప్లాస్టర్‌తో కొండలు చేస్తారు. టీ కాచాక నేను పారేసే పొడి ఎండబెట్టి మట్టి చేస్తారు. ఒక చెక్కపలక మీద ఒక చోటు, అక్కడ ఒక్క క్షణం. దాన్ని డయోరమా అంటారట. మా అక్క ఆయనకు సేనాపతి అని పేరు పెట్టింది. పేరు పెట్టింది అక్క, మోస్తున్నది నేను. చుట్టాలందరూ "సేనాపతిగారు ఇంట్లో ఉన్నారా?" అని నన్నే అడుగుతారు.

ఆ పిచ్చి ఏపాటిదో చెప్తాను వినండి. ఒకసారి నెలరోజులు కూర్చుని పదకొండుమంది సైనికుల్ని చేశారు. అంతా అయ్యాక, పాత ఫోటో ఒకటి చూసి, వీపుసంచి పట్టీ ఎడమవైపు ఉండాలి, కుడివైపు పెట్టానన్నారు. "బియ్యపుగింజంత సంచీకి పట్టీ ఎటుంటే ఎవరు చూడొచ్చారండీ?" అన్నాను. పదకొండింటి పట్టీలూ పీకి మళ్ళీ అతికించారు. అలాంటి మనిషితో కాపురం చేస్తున్నాను.

ఆదివారం పొద్దున ఫోటోలు. బాల్కనీలో ఎండ ఏటవాలుగా పడేవేళ పలకను నేలమీద పెట్టి, బోర్లా పడుకుని, చెంప గచ్చుకు ఆనించి ఫోన్‌తో తీస్తారు. సైనికుడి కంటి ఎత్తులోంచి తీయాలట. పైనుంచి తీస్తే బొమ్మల్లా ఉంటాయట. ఎదురింటి పిన్నిగారు ఒకసారి అది చూసి, ఆయన కుప్పకూలిపోయారనుకుని, కేకలు వేసుకుంటూ మా తలుపు బాదింది. నేను తలుపు తీశాక ఆవిడ వంగి తట్టినా ఈయన లేవలేదు. "కదిలించకండి, నీడ మారిపోతుంది," అన్నారు.

మా నాన్న మా దగ్గరే ఉంటాడు, ముందుగదిలో. మిలటరీలో లారీ నడిపాడు. ఆ సంగతులు మాత్రం ఎప్పుడూ ఎత్తడు. అల్లుడి బల్ల వైపు చూసి, "ఉద్యోగం చేసే మగాడికి బొమ్మలాటేంటమ్మా?" అనేవాడు నాకు మాత్రమే వినపడేలా. ఆ మాటకు నాకు చుర్రుమనేది. మా ఆయన్ని తిట్టే హక్కు నాకొక్కదానికే ఉంది.

మొన్న వానాకాలంలో పొడుగన్న భార్య ఫోన్ చేసింది. పొడుగన్న నాన్నతోపాటు మిలటరీలో లారీ నడిపినవాడు. నాన్న ఆయన్ని సొంత అన్నలాగే అనుకునేవాడు. నేను పసిపిల్లగా ఉన్నప్పుడే కొండ రోడ్డు మీద మంచులో లారీ లోయలో పడి చనిపోయాడు. నలభై ఏళ్ళయింది. ఆవిడ ఏటా రెండుసార్లు ఫోన్ చేస్తుంది. ఎప్పుడు చేసినా నాన్న ఫోన్ నా చేతిలో పెట్టి స్నానానికి వెళ్ళిపోతాడు. ఇన్నేళ్ళలో నాన్న ఆవిడ గడప తొక్కలేదు. ఎందుకని అడిగితే మొహం గంటు పెట్టుకునేవాడు.

"కాళ్ళు పనిచెయ్యడం లేదమ్మా. ఇక ఎక్కడికీ వెళ్ళలేను," అంది ఆవిడ. "ఆయన పోయిన చోటు ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలని ఉంది. నా దగ్గరున్న ఫోటోలో మనిషే ఉన్నాడు, చోటు సరిగ్గా లేదు. మీ నాన్న దగ్గర ఇంకేదైనా ఉందేమో అడుగు."

ఉన్నదల్లా అదే ఫోటో, ఇద్దరి దగ్గరా చెరొక కాపీ. వేసవిలో, ఆయన పోయిన ఆ మలుపు దగ్గరే, లారీకి ఆనుకుని నవ్వుతున్న పొడుగన్న. ఆ రోడ్డు ఇప్పుడు లేదు, కొండను తొలిచి సొరంగం వేశారు.

రెండు రోజులు నాన్న సరిగ్గా తినలేదు. మూడోరోజు సాయంత్రం బల్ల దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"బాబూ, నీకు లారీలు చెయ్యడం వచ్చా?"

మా ఆయన చేతిలో పట్టకారు ఆగిపోయింది. కుర్చీ జరిపారు. నాన్న కూర్చున్నాడు, ఫోటో బల్లమీద పెట్టాడు. అప్పుడు చెప్పాడు. నేను వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయాను.

"నేను సరుకుతో కొండ దిగుతున్నా. అన్న ఎక్కుతున్నాడు. మలుపులో ఎదురుపడ్డాం. నేను కొండవైపు ఒదిగి ఆపాను. అన్న లోయవైపు నుంచి రావాలి. నా బండికీ కొండరాయికీ మధ్య ఇంకా మూరెడు జాగా ఉంది. తెల్లగా, చదునుగా. నా కళ్ళతో చూశాను. ఆ మూరెడూ నేను జరిగుంటే అన్న వెనక చక్రం అంచు దాటేది కాదు. నేను జరగలేదు."

"నాన్నా, నీ తప్పేముంది అందులో?" అన్నాను.

"నీకేం తెలుసు, ఊరుకో," అన్నాడు. మా ఆయన వైపు తిరిగాడు. "వదిన చోటు చూపించమంటోంది. ఆ మూరెడు జాగా కూడా కనపడేలా చెయ్యి బాబూ. నోటితో నాకు చెప్పడం చేతకాలేదు. నువ్వు చేసినదాని ఫోటో చూస్తే ఆవిడకే తెలుస్తుంది. తిట్టినా సరే, ఉమ్మేసినా సరే."

పడుకునే ముందు మా ఆయన్ని పట్టుకున్నాను. "ఆ జాగా కాస్త తగ్గించి చెయ్యండి. లారీని రాయికి ఆనించి పెట్టండి. ఎవరికి తెలుస్తుంది? డెబ్భై మూడేళ్ళ మనిషి, ఇప్పుడు ఆవిడ చేత మాట పడాలా?"

"మావయ్యగారికి తెలుస్తుంది," అన్నారు.

"మీకు కొలతలే గాని మనుషులు అక్కర్లేదు!"

ఆయన అటు తిరిగి పడుకున్నారు. గోడ గడియారంతో పోట్లాడినా ఇంతకంటే నయం, గంటకోసారి కొడుతుంది. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన గమనించారో లేదో కూడా నాకు తెలియదు.

మూడు వారాలు పట్టింది. ల్యాబు భూతద్దం ఇంటికి తెచ్చుకుని ఫోటో మీద వాలిపోయారు. చక్రం ఎత్తు ఎంతో నాన్న చెప్పాడు. దాన్నిబట్టి రోడ్డు వెడల్పు, రాయి ఎత్తు, అంచు ఎక్కడ తెగిందో అన్నీ లెక్క కట్టారు. నాన్నను అడిగేవన్నీ అవే ప్రశ్నలు. టైరు మీద గీతలు ఎలా ఉండేవి? బంపరు వంకరపోయిందా? రోడ్డు పక్కన రాళ్ళు గుండ్రటివా, పలకలా? పొడుగన్న ఎలాంటివాడని ఒక్కసారీ అడగలేదు. పాషాణం, అనుకున్నాను. ఆ రోజుల్లో నేను అనుకున్నవి రాస్తే సిగ్గుచేటు.

ఆదివారం పొద్దున పని చివరికొచ్చింది. మంచు ఎప్పుడూ ఆఖరున వేస్తారు. కింద నేలంతా పూర్తయ్యాక, జిగురు రాసి, టీ వడపోసే జల్లెడతో తెల్లపొడి జల్లుతారు. నా జల్లెడే. పలకను బాల్కనీలో పెట్టి, పొడి కలిపి, నాన్నను పిలిచారు. "మావయ్యగారూ, లారీలు ఎక్కడ పెట్టాలో మీరే పెట్టండి. ఆ తరవాత మంచు వేస్తాను."

నాన్న చాపమీద కూర్చున్నాడు. పొడుగన్న లారీని అంచు దగ్గర పెట్టాడు. తన లారీని కొండవైపు పెట్టబోయి ఆగాడు.

"ఇదేంటి బాబూ, రాయి పక్కన ఈ గాడి?"

"కాలవండి. కొండమీద నీళ్ళు పోవడానికి. మోకాలి లోతు ఉంటుంది."

"కాలవెక్కడిది? అక్కడ చదునుగా ఉంది. నేను చూశాను."

మా ఆయన ఫోటో, భూతద్దం చేతికిచ్చారు. నాన్న చాలాసేపు చూశాడు. పొడుగన్న బూట్ల వెనక, చక్రానికీ రాయికీ మధ్య, నల్లటి చార. అందులో జారిపడిన రాయి ఒకటి. నేనూ వంగి చూశాను. స్పష్టంగా ఉంది.

"నలభై ఏళ్ళుగా ఈ ఫోటో చూస్తున్నాను," అన్నాడు నాన్న. "అన్న మొహమే చూశాను. కింద నేల ఎవడు చూస్తాడు!"

మా ఆయన చూశారు. ఆయన చూసింది నేలనే.

నాన్న తన లారీని వేలితో మెల్లగా కొండవైపు తోశాడు, ఆ మూరెడూ. ముందు చక్రం కాలవలో దిగింది. లారీ వెనకభాగం గిర్రున రోడ్డుమీదకు తిరిగి పొడుగన్న లారీని కొట్టింది. అది పలక అంచు దాటి గచ్చుమీద పడింది. నాన్న దాన్ని తీసి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ తోశాడు. మళ్ళీ పడింది. మూడోసారి తొయ్యలేదు.

"దిగుడులో ముందు చక్రం పడితే తోక తిరుగుతుంది," అన్నాడు. "సరుకున్న బండి మరీను. ఏ డ్రైవరైనా చెప్తాడు." తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు. "వేసవంతా ఆ కాలవ పక్కనే నడిపాను. చేతులకు తెలుసు, అందుకే జరగలేదు. నాకు తెలియలేదు. మంచు కప్పేసింది, నేను మంచునే చూశాను."

అని ఏడ్చాడు. అమ్మ పోయిన రోజున కూడా మా నాన్న అలా ఏడవలేదు. నేను పక్కన కూలబడి వీపు రాస్తున్నాను గాని నాకూ కళ్ళు కనిపించడం లేదు. మా ఆయన జల్లెడ పట్టుకుని నిలబడిపోయారు. నేను చెప్పినట్టు ఆ జాగా తగ్గించి ఉంటే ఏమయ్యేది? నాన్న ఒక్క చూపులో పసిగట్టేవాడు, ఆ పలకను నమ్మేవాడే కాదు. ఈ మహానుభావుడి మొండితనానికి ఎన్నిసార్లు నెత్తి కొట్టుకున్నానో, ఆ పూట అన్నిసార్లూ ఆయన కాళ్ళమీద పడాలనిపించింది. పడలేదు, అది వేరే సంగతి.

"మీకెప్పుడు తెలిసిందండీ?" అని అడిగాను.

"కాలవ రెండోవారంలోనే కనపడింది. తోక తిరుగుతుందని నాకెలా తెలుస్తుంది? నేను బండి నడపలేదుగా."

"బాబూ," అన్నాడు నాన్న కళ్ళు తుడుచుకుని, "మంచు వెయ్యకు."

ఏ పనీ సగంలో వదలని మనిషి జల్లెడ కింద పెట్టేశారు. బోర్లా పడుకుని, చెంప గచ్చుకు ఆనించి ఫోటో తీశారు. రాయి, కాలవ, రెండు లారీలు, అంచు, అవతల ఆకాశం. ఆ చోట నిలబడి తీసినట్టే ఉంది. "పెద్దమ్మగారి నంబరు చెప్పు, పంపిస్తాను," అన్నారు నాతో.

"ఫోన్లో వద్దు," అన్నాడు నాన్న. "కాగితం మీద వేయించు. నేను జరగలేదన్న మాట వదినకు నేనే చెప్తాను. కాలవ సంగతి నువ్వు చెప్పాలి బాబూ. నేను చెప్తే సాకు చెప్పినట్టు ఉంటుంది. నువ్వు నాతో వస్తావా?"

"వస్తానండి," అన్నారు మా ఆయన.

నాన్న నా ఫోన్ తీసుకుని పొడుగన్న భార్యకు చేశాడు. అటుపక్క ఆవిడకు వినికిడి తక్కువ, గట్టిగా మాట్లాడుతుంది, నాకు అంతా వినపడుతోంది. నాన్న గొంతు గుర్తుపట్టడానికి ఆవిడకు కాసేపు పట్టింది. "ఎవరూ... మరిదిగారా!" అంది. తరవాత, "ఫోటో దొరికిందా?" అని అడిగింది.

"దొరికింది," అన్నాడు నాన్న. "ఫోటో ఒక్కటే కాదు వదినా, నేనూ వస్తున్నాను."