మగ్గం తాగే గంజి

మా నాయన దేవేంద్రప్ప ఎమ్మిగనూరు మగ్గాలన్నిటిలోకీ మొండిఘటం. యాభై ఐదో ఏటనే రెండు కళ్లకూ పొర కమ్మినా చూపు బాగానే ఉందని బొంకుతూ, వేళ్లతో తడుముకుంటూ చీరలు నేసేవాడు. "ఎట్లొచ్చిందే చీర?" అని అడిగితే, మా అమ్మ రామేశ్వరమ్మ "బంగారంగా ఉండాది" అనేది.

అమ్మ పోరు పడలేక చివరికి కర్నూలు ఆసుపత్రికి వచ్చాడు. చక్కెర జబ్బు వల్లే ఇంత త్వరగా శుక్లాలు ముదిరాయన్నాడు డాక్టరు. అది అదుపులోకి వస్తేనే ఆపరేషన్ అట, లేకపోతే పుండు మానక కన్నే పోతుందట. రోజూ ఇన్సులిన్ సూది. వరన్నం, బెల్లం బందు. మగ్గం ఎక్కకపోతే నాయన బతకడని మాకు తెలుసు.

నెల తర్వాత మూత్రంలో నీలం మందు కలిపి కాచారు. చక్కెర లేకుంటే నీలంగా నిలవాల్సింది ఇటుకరంగుకు తిరిగింది. ఆపరేషన్ లేదు పొమ్మన్నారు.

అమ్మ భగ్గుమంది. "బనగానపల్లె మామిడిపండ్లు యాడ దాచుకొని తింటాండావయ్యా?"

"మగ్గం మీద ఒట్టే, ముట్టలేదు!"

మగ్గం మీద అబద్ధపు ఒట్టు పెట్టే మనిషి కాదు. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున వీధిలో పడుగు సాగదీసి, నూలు గట్టిపడేందుకు గంజి పట్టించాం. పనవగానే నాయన అడుగున మిగిలిన గంజి చెంబులో వంచుకుని గటగటా తాగాడు. మా వీధిలో ఎవరు పడుగు సాగదీసినా పెద్దవాడని ఆయనకో చెంబు దక్కేది. అది తిండి అని మాకెవరికీ తట్టనే లేదు. ఆ రోజు అమ్మ చెంబు పట్టుకుంది.

"ఇదేందయ్యా?"

"మగ్గం తాగే గంజి. నా తిండి ఎట్లయితాదే?"

"అయ్యో నా రాత! అది బియ్యమే కదయ్యా!"

ఆ పూట నుంచి వీధిలో మిగిలిన గంజంతా బర్రెలకే. మళ్లీ వెళ్లేసరికి మందు నీలంగానే నిలిచింది. ముందు కుడికన్నుకు ఆపరేషన్ చేశారు.

కట్టు విప్పి సోడాబుడ్డి అద్దాలు పెట్టగానే నాయన మొదట చూసింది అమ్మ కొంగునే. దగ్గరికి లాక్కున్నాడు.

"అంచు ఇంత వంకర పోయిండాది! ఎవుడే ఈ చీర నేసినోడు?"

"నువ్వే."

"బంగారంగా ఉండాదంటివి?"

"షావుకారు తిప్పి పంపిస్తే నేను కట్టుకుంటి. ఇంటికాడ ఇంకా రెండుండాయి, అవీ నేనే కట్టుకుంటా. ఏడ్వొద్దయ్యా, కన్ను చెడతాది," అంటూ అమ్మే ఏడ్చింది.