ఖైరూన్‌బీ ఎడమ చెయ్యి

అమ్మ ఇప్పుడే తీగ మీద తడి దుప్పటి ఆరేసింది. నీళ్ళకు నాని బరువెక్కిన నూలు ఎండకు మెల్లగా వేడెక్కుతున్న వాసన. నా చేతిలో బి.ఏ. ప్యాసైనట్టు కాలేజీవాళ్ళిచ్చిన కాగితం ఉంది. సికింద్రాబాద్ నుంచి రైల్లో వస్తున్నంతసేపూ దాన్ని ఎవరికి చూపించాలా అని నా ప్రాణం ఆగలేదు. టికెట్ కలెక్టరుకు కూడా చూపించాను. ఆయన టికెట్టే అడిగాడు. మా ఇంట్లో నాకు ముందు బడి గడప తొక్కినవాళ్ళు లేరు. నాయిన మేడ్చల్ స్టేషన్‌లో పాయింట్స్‌మన్. ఎర్రజెండా, పచ్చజెండా తప్ప ఆయన చదివింది లేదు. ఇంత సంబరంలో ఉండగా, దుప్పటి అవతలి నుంచి పక్కింటి ఎల్లమ్మక్క గొంతు వినిపించింది. “మీ పోరి బీయే అయిందాట? ఎవరు జూసిండ్రు?”

నవ్వులాటకే అంది. నాకు మాత్రం ఒళ్ళు భగ్గుమంది. ఆ తడిబట్ట వాసనలో, అచ్చం ఆ మాటే, నా చిన్నప్పుడు ఇంకొకామెను అన్నారు.

ఆమె పేరు ఖైరూన్‌బీ. మీరు ఆమెను చూసి ఉండరు. చూసినవాళ్ళు కావాలనే మరిచిపోయారు. శామీర్‌పేటలో పుట్టి, వడ్రంగి మొగుడి వెంట బొంబాయి వెళ్ళింది. అతను సినిమా కంపెనీలో కొయ్యతో కోటలూ మేడలూ కట్టేవాడు. ఆమె అదే కంపెనీలో ఫిలిం ముక్కలు అతికే గదిలో పనిచేసేది. అతను జ్వరంతో పోయాక తిరిగొచ్చేసింది. ఏటా కోతలయ్యాక మా స్టేషన్ అవతలి బయలులో సినిమా డేరా పడేది. డేరా నడుమ తెర. మిషను ఉన్న వైపు మగవాళ్ళు, తెర వెనక మేము. ఆడవాళ్ళ ఘోషా కోసం డేరా సేఠ్ చేసిన ఏర్పాటు అది. తెర పొడిగా ఉంటే బొమ్మ మా వైపుకు దిగదు. అందుకని ఆటకు ముందు ఖైరూన్‌బీ బిందెలతో నీళ్ళు తెచ్చి దాన్ని తడిపేది. ఆట మొదలయ్యాక పక్కన నిలబడి హిందూస్తానీ మాటల్ని మాకు తెలుగులో చెప్పేది. ఆ పనే ఆమె బతుకుతెరువు.

చెప్పేది అంటే మామూలుగా కాదు, తిట్టినట్టే చెప్పేది. తెర మీద రాణి ఏడుస్తుంటే మా అవ్వ కొంగుతో ముక్కు తుడుచుకునేది. “గంగవ్వా, ఏడ్వకు. గామె కండ్లల్ల మందు పోసిండ్రు,” అనేది ఖైరూన్‌బీ.

“మరి గా వాన?”

“పైకెల్లి డబ్బాలతోని పోస్తరు. సలికి ఒణుకుతాంది సూడు, గదొక్కటే నిజం.”

“నీతోని సినిమా జూసుడంటె పెండ్లిల శోకాలు ఇన్నట్టే,” అని అవ్వ విసుక్కునేది. మరునాడు అందరికంటే ముందు వెళ్ళి ఆమె కాళ్ళ దగ్గరే చాప పరిచేది. నేను మాత్రం తెర మీది అక్షరాలు చూస్తూ ఉండేదాన్ని. బడిలో అప్పుడప్పుడే ఉర్దూ నేర్చుకుంటున్నాను. ఈ అక్షరాలు ఒక్కటీ అంతు చిక్కేవి కావు. బొంబాయి అక్షరాలు వేరేమో అనుకున్నాను.

ఆ ఏడు సేఠ్ అసలు బొమ్మకు ముందు ఒక చిన్న రీలు వేయడం మొదలుపెట్టాడు. సినిమా ఎలా పుట్టింది, ఎలా తీస్తారు అన్నది దాని సంగతి. పాత మూగబొమ్మల తునకలు, గుడ్డ మీద కొండలు గీసే పెయింటరు, కెమెరా వెనక టోపీ పెట్టుకున్న పెద్దమనిషి. ప్రతి మగవాడి ముఖమూ దగ్గరగా చూపించి, కింద అక్షరాలు వేశారు. చివర్లో అడుగు నుంచి వెలుగొచ్చే అద్దం బల్ల, దాని మీద రెండు చేతులు. అవి బ్లేడుతో ఫిలిం కొస గీకాయి, కుంచెతో జిగురు రాశాయి, ఇంకో ముక్క పెట్టి నొక్కాయి. ముఖం లేదు. కింద అక్షరాలు లేవు. ఒక చిటికెన వేలికి కొస లేదు.

ఖైరూన్‌బీ చెప్పడం ఆపేసింది. “గవి నా చేతులు,” అంది. తన ఎడమ చెయ్యి ఎత్తి తెర వెలుగులో పెట్టింది. చిటికెన వేలు పై కణుపు దగ్గర ఆగిపోయి ఉంది.

మాలో కుర్చీ వేసుకుని కూచునేది బహదూర్‌పల్లి దొరసాని ఒక్కతే. “ఏమే ఖైరూ, బొమ్మల తెగింది కుడిచెయ్యి వేలు. నీది ఎడమ. అబద్ధమాడినా అతికినట్టు ఆడాలె. అతుకుడు నీ పనే గదనే?”

అందరూ ఘొల్లుమన్నారు.

“మనం ఎనక కూసున్నం దొరసానీ. మనకు అంత ఉల్టా కనవడ్తది. ముందట్కెల్లి జూస్తె ఎడమ చెయ్యే.”

“ముందట్కెల్లి ఎవరు జూసిండ్రు? బొంబాయిల నువ్వు ఏం పని జేసినవో, గది సుత ఎవరు జూసిండ్రు?”

ఆ రెండో మాటలోని విషం అప్పుడు నాకు తెలియలేదు. ఇప్పుడు తెలుసు, తలచుకుంటే పిడికిళ్ళు బిగుస్తాయి. అప్పుడు నాకు తట్టింది ఒకటే. “అవ్వా, ఆమె నిజమే చెప్తాంది. అక్షరాలు సుత ఉల్టానే ఉన్నయి.” “నోర్ముయ్,” అంది అవ్వ. కానీ ఇంటికొచ్చేదాకా తన రెండు చేతులూ మార్చి మార్చి చూసుకుంది.

ఆ అబద్ధాలకోరు ఉంటే తమవాళ్ళెవరూ రారని దొరసాని సేఠ్‌కు కబురు పంపింది. మరునాడు దీపాలు పెట్టే వేళకు మేం వెళ్ళేసరికి ఖైరూన్‌బీ సేఠ్ ఎదుట నిలబడి ఉంది.

“ఒక్క ఆట, సేఠ్. ఆడోళ్ళను ముందట కూసోబెట్టు. వాళ్ళే జూస్తరు.”

“పాగలైనవా? మగోళ్ళు డేరా పీకుతరు. అబద్ధమాడిన అని మాఫీ అడుగు, ఖిస్సా ఖతం.”

“మరి గా చేతులు ఎవలియి?”

“ఎవలియైతే ఏంది? చేతులకు పేరుంటదా?”

ఆమె బిందెలు తీసుకుంది. నీళ్ళకే వెళ్తోందనుకున్నాం. తెర కింద ఒక బిందె బోర్లించి దాని మీద కూచుంది. మిషను తిరిగింది. పొడి తెర మీద మాకు పొగలాంటి మసక తప్ప ఏమీ కనిపించలేదు. అవతల మగవాళ్ళు పకపకా నవ్వుతున్నారు, ఎందుకో మాకు తెలియదు. “నీళ్ళు కొట్టవే!” అని అరుపులు. “కొట్ట. బొమ్మ గావాల్నంటె అటు నడువుండ్రి,” అంది ఖైరూన్‌బీ. ఎవరూ కదల్లేదు. దొరసాని బండి కట్టమంది.

మా అవ్వ చాప చుట్టి చంకలో పెట్టుకుని నా చెయ్యి పట్టింది. “పైసలిచ్చింది పొగ జూసెతందుకా? నడువ్ నర్సీ.”

తెర అంచు దాటి మగవాళ్ళ వైపు వచ్చాం. ఈలలు మొదలయ్యాయి. “ఏయ్ ముసల్దానా, ఘోషా లేదా నీకు?” అన్నాడొకడు. “నీ అవ్వ ఈడుదాన్నిరా, జరుగు,” అని అక్కడే చాప పరిచింది. నేను నోరు తెరిచి చూస్తున్నాను. బడిలో నేర్చుకున్న అక్షరాలే, కుడి నుంచి ఎడమకు బుద్ధిగా నడుస్తున్నాయి! బొంబాయికి వేరే అక్షరాలు లేవు. ఇంతకాలం మమ్మల్ని కూచోబెట్టిన చోటే తప్పు.

అద్దం బల్ల వచ్చింది. అవ్వ తన రెండు చేతులూ ముందుకు చాచి, తెర మీది చేతులతో పోల్చుకుంది. డేరా అదిరేలా అరిచింది. “ఎడమ చెయ్యే! నీ ఎడమ చెయ్యేనే ఖైరూన్!” 

మరునాడే సేఠ్ ఆమెను పంపేశాడు. నా కోపమంతా ఇక్కడే ఉంది. అబద్ధమని తేలితే మాఫీతో పోయేది. నిజమని తేలింది గనక ఆమె పోవలసి వచ్చింది. ఆ సాయంత్రం తెరను వేరే ఎవరో తడిపారు. దొరసాని కుర్చీ మళ్ళీ వచ్చింది. మావాళ్ళంతా మళ్ళీ వెనకే కూచున్నారు. ఎడమ చేతిని కుడి చెయ్యి అనుకుంటూ హాయిగా చూశారు.

ఖైరూన్‌బీ మూటతో స్టేషన్‌లో కూచుని ఉంటే నేను ఏడుస్తూ వెళ్ళాను. “నిజమే గద ఖాలా, మరి ఎందుకు ఎల్లగొట్టిండ్రు?”

“నిజమని తెలిసిందనే, బేటీ.” నా ముక్కు తన కొంగుతో గట్టిగా తుడిచింది. “మీ అవ్వ నా చెయ్యి గుర్తువట్టింది. నువ్వు సదువు ఇడ్వకు. మల్లెప్పుడన్న గా రీలు జూస్తె కింద నా పేరేసిండ్రా లేదా సదువు. లేకుంటె అడుగు. జోర్సె అడుగు, అందరికి ఇనవడేటట్టు.” నాయిన పచ్చజెండా ఊపాడు. రైలు కదిలింది. తర్వాత ఆమె ఎక్కడికి చేరిందో మాకెవరికీ తెలియదు.

మొన్న చలికాలంలో మా కాలేజీ హాల్లో అదే రీలు వేశారు. అరిగిపోయి, గీతలు పడి, అదే బల్ల, అవే చేతులు. కింద పేరు లేదు. నేను లేచి, ఆ చేతులు ఎవరివని అడిగాను. “చేతులేనమ్మా, కూచో,” అన్నారు లెక్చరరు గారు. “శామీర్‌పేట ఖైరూన్‌బీవి,” అన్నాను, హాలు చివరిదాకా వినపడేలా. హాలంతా నవ్వింది. నవ్వు ఆగేదాకా నిలబడి, ఇంకోసారి చెప్పాను.

ఈ కాగితం మొదట ఆమెకు చూపించాలి. ఆమె ఎక్కడుందో తెలియదు. దుప్పటి అవతల ఎల్లమ్మక్క ఇంకా నవ్వుతోంది.

“అటుకెల్లి ఏం కనవడ్తది అక్కా?” అని దుప్పటి పైకెత్తాను. “ఇటు రా. ముందట్కొచ్చి జూడు.”

ఎల్లమ్మక్క చేతులు చీరకు తుడుచుకుని వచ్చింది. ఆమె వేలు పట్టుకుని నా పేరు మీద పెట్టి, జోర్సె చదివాను.