నేల యాడికీ పోదు

పోయిన నెల చింతామణిలో ఒక కల్యాణ మంటపంలో, రిసెప్షన్ మొదలుకాక ముందు, హెడ్‌ఫోన్ తగిలించుకుని కెమెరా వెనక నిలబడి ఉన్నాను. స్టేజీ మీద ఎవరో మైక్ ఆన్ చేశారు. ఇంకా ఎవరూ మాట్లాడలేదు. మాటకు ముందు వచ్చే 'స్స్' అనే శబ్దం ఒక్కటే చెవుల నిండా వినపడింది. చాలామంది దాన్ని శబ్దం కింద లెక్కే వెయ్యరు. నాకు మాత్రం అది వినపడితే ఇప్పటికీ చేతిలో పని ఆగిపోతుంది. ముందు వరసలో, పెళ్ళికూతురి తరఫు చుట్టంగా పద్మక్క కూర్చుని ఉంది. ఈ పని నేను నేర్చుకున్నది ఆమె భర్త వెంకటరవణప్ప దగ్గరే. చూడని మనిషి గురించి చెప్పేటప్పుడు ఎవరైనా ముఖం దగ్గర మొదలుపెడతారు. రవణప్పన్న ముఖం కావాలంటే నా దగ్గర ఫోటోలున్నాయి. లేనిది ఆయన గొంతు ఒక్కటే, అందుకే అక్కడ మొదలుపెడుతున్నాను.

పెద్ద గొంతు ఆయనది. పెద్దదంటే బండగొంతు కాదు. నాదస్వరం, డోలు, పిల్లల ఏడుపులు, వడ్డించేవాళ్ళ కేకలు, అన్నిటినీ దాటుకుని, తల వంచుకుని కూర్చున్న పెళ్ళికూతురి దగ్గరికి నేరుగా వెళ్ళేది. "తల ఎత్తు తల్లీ, నేల యాడికీ పోదు" అనేవాడు. కన్నడం వాళ్ళ పెళ్ళయితే అదే మాట కన్నడంలో. అమ్మాయి చటుక్కున తలెత్తి నవ్వేది. పక్కనున్న ముత్తైదువలు నవ్వేవాళ్ళు. ఒక పెళ్ళిలో ఒక్కసారికి మించి ఆ మాట అనేవాడు కాదు, అరిగిపోతుందనేవాడు. చింతామణి, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం వైపు ఆయన తీసిన ఏ పెళ్ళి క్యాసెట్ తీసుకున్నా, ఎక్కడో ఒక చోట పెళ్ళికూతురు తలెత్తి నవ్వడం ఉంటుంది. ఊళ్ళో జనానికి ఆయన వీడియో రవణప్ప. ఫోన్ చేసేవాళ్ళు కూడా, వచ్చి ఆ మాట అనాలని చెప్పి మరీ పిలిచేవాళ్ళు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నా డిగ్రీ అయిపోయింది. మా ఇంట్లోవాళ్ళు సంబంధాలు చూస్తున్నారు, నేను ఉద్యోగం చూస్తున్నాను. బస్టాండు దగ్గర ఎరువుల అంగడి మీద మేడ గదిలో ఉండేది ఆయన స్టూడియో. మెట్లెక్కుతుంటే యూరియా వాసన ముక్కులో గుచ్చుకునేది. కొత్తగా కంప్యూటర్ కొన్నాడు, దాని మీద కూర్చుని మిక్సింగ్ చేసే మనిషి కావాలి. చేరిన మొదట్లో నన్ను కీబోర్డు ముట్టుకోనివ్వలేదు. ఊరికే పెళ్ళి వీడియోలు చూడమన్నాడు. చూశాక, అందులో ఎక్కువ బాధగా ఉన్నది ఎవరో చెప్పమన్నాడు. నేను పెళ్ళికూతురన్నాను. ఆయన బొమ్మను వెనక్కి తిప్పి, మూలన ఆకువక్క తట్ట పట్టుకుని నిలబడిన మేనత్తను చూపించాడు. ఆమె మెడలో ఏమీ లేదు. ఎవరూ ఆమెను ముందుకు రమ్మని పిలవలేదు.

"పాట ఎవురి పెండ్లికైనా అదే వేస్తాం. మొకం మాత్రం వాళ్లవాళ్లదే కదమ్మా. నువ్వు మొకం చూడల్ల" అన్నాడు.

నాకు మనుషుల్ని చూడడం వచ్చిందంటే అది ఆయన పెట్టిన భిక్షే. అంతకుముందు నేను చీరలు చూసేదాన్ని.

పాట సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మొత్తం నాశనం అక్కడే ఉంది. మా స్టూడియో నుంచి వెళ్ళే ఏ పెళ్ళి వీడియోలోనూ అక్కడి మాటలు ఉండేవి కావు. మొదటి నుంచి చివరి దాకా సినిమా పాటలే. నేను చేరక ముందు కెంచార్లహళ్ళిలో జరిగిన ఒక పెళ్ళి దానికి కారణం. బంతి భోజనాల దగ్గర కెమెరా తిరుగుతున్నప్పుడు పెళ్ళికొడుకు తల్లి పక్కావిడతో, పిల్ల కంటే చీరే బాగుందని అంది. కెమెరా ఆ మాట పట్టుకుంది. తర్వాత రెండిళ్ళవాళ్ళూ టీవీ ముందు చేరి క్యాసెట్ వేసుకుంటే, ఆ మాట ఇంటిల్లిపాదికీ వినపడింది. గొడవ ముదిరి పిల్ల పుట్టింటికి పోయింది. పోయిన పిల్ల చాలా కాలం తిరిగి రాలేదు. వాళ్ళు ఆ క్యాసెట్‌ను పొయ్యిలో వేశారట. రవణప్పన్న అదంతా తన నెత్తినే వేసుకున్నాడు. "కెమెరాకు కండ్లుంటే చాలు. చెవులు పెట్టినామంటే సంసారాలు కూలిపోతాయి" అని నాతో అన్నాడు. నేనూ సరేననుకున్నాను. అప్పటి కంప్యూటర్‌లో చోటు తక్కువ. అందుకని క్యాసెట్‌లోంచి బొమ్మను ఎక్కించుకునేటప్పుడు శబ్దం వద్దని గుర్తు పెట్టేసేదాన్ని. దానివల్ల ఆ స్టూడియోలో ఏ క్యాసెట్ శబ్దమూ నేను ఎన్నడూ వినలేదు.

తర్వాత ఆయన గొంతు బొంగురుపోయింది. ఎరువుల దుమ్మన్నాం, పెళ్ళిళ్ళ సీజన్ అన్నాం, మిరియాల కషాయం తాగించాం. కొన్ని నెలలకు గుసగుస ఒక్కటే మిగిలింది. పెళ్ళిళ్ళలో ఆ మాట నన్ను అనమని సైగ చేసేవాడు. నేను అనేదాన్ని, ఎవరూ తల ఎత్తేవాళ్ళు కాదు. బెంగుళూరు ఆస్పత్రిలో గొంతులో గడ్డ ఉందనీ, గొంతు పెట్టె మొత్తం తీసేయాలనీ చెప్పారు. పోబోయే ముందు గొంతును రికార్డు చేసి పెట్టుకుందామంటే, అప్పటికే అది పోయింది.

ఆపరేషన్ అయ్యాక, ఆయన ఇంకా ఆస్పత్రిలో ఉండగానే పద్మక్క ఒక మధ్యాహ్నం స్టూడియోకు వచ్చింది. ఆమె మితభాషి. ఇంట్లో ఆయన మాట్లాడేవాడు, ఆమె వినేది, వాళ్ళ కాపురం అట్లా నడిచింది. నా పక్కన స్టూలు మీద కూర్చుని, చెంగుతో ముఖం తుడుచుకుని, బీరువాలో వరసగా ఉన్న క్యాసెట్ల వైపు చూసింది.

"పెండ్లిళ్లలో కెమెరా ఎనక నుంచి అరస్తానే ఉంటాడు కదమ్మా. ఆ గొంతు దీంట్లో ఉంటాది కదా. కోపంగా అరిచిండేదైనా సరే, తీసియ్యి. రేపు ఇంటికొచ్చే మనిషి మాట్లాడడు. నేనింక ఆ గొంతును యాడ ఇనేది?"

అదెంత పని అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నా మీద నాకు చిరాకే. ఆమె బస్సెక్కి వెళ్ళగానే కెమెరాలో క్యాసెట్ పెట్టి, శబ్దం కూడా కావాలని గుర్తు పెట్టి, కంప్యూటర్‌లోకి ఎక్కించాను. బొమ్మ శుభ్రంగా వచ్చింది. సోమేనహళ్ళి పెళ్ళికూతురు తలెత్తి నవ్వింది. శబ్దం లేదు.

ముందు స్పీకర్లను తిట్టాను. సినిమా పాట వేస్తే అవి బాగానే మోగాయి. కంప్యూటర్‌లో శబ్దం ఎక్కడైనా మూసి ఉందేమోనని ఉన్న మీటలన్నీ పైకి తోశాను. సౌండ్ కార్డు సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ ఎక్కించాను. కేబుల్ మార్చాను. సన్న కేబుల్ వదిలేసి, టీవీకి పెట్టే ఎరుపు తెలుపు పసుపు వైర్లతో ప్రయత్నించాను. కెమెరాలో శబ్దం రెండు రకాలుగా రికార్డవుతుందనీ, అందులో ఒక రకం కొన్ని కంప్యూటర్లకు అర్థం కాదనీ బాగేపల్లి స్టూడియో ఆయన ఫోన్‌లో చెబితే, ఆ సెట్టింగూ మార్చి చూశాను. హెడ్ శుభ్రం చేసే క్యాసెట్ తిప్పాను. చివరికి కంప్యూటర్‌ను పక్కనపెట్టి, కెమెరాకే హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. అక్కడా ఏమీ లేదు. ఈ ఒక్క క్యాసెట్ పాడైందేమోనని ఇంకొకటి వేశాను, దాని తర్వాత ఇంకొకటి. మధ్యలో కరెంటు పోయేది, యూపీఎస్ కీచుకీచుమనేది, మళ్ళీ మొదటి నుంచి ఎక్కించాల్సి వచ్చేది. తెర మీద శబ్దం గీత పైకీ కిందికీ ఎగరాలి. అది గీసిన గీతలాగే పడి ఉంది. పైన మాత్రం పెళ్ళికూతుళ్ళు ఒకరి తర్వాత ఒకరు తలెత్తి నవ్వుతున్నారు. రవణప్పన్న మాట వాళ్ళందరికీ వినపడుతోంది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

పద్మక్క ఆస్పత్రి నుంచి ఫోన్ చేసి, వచ్చిందా అని అడిగేది. రేపు వస్తుందనేదాన్ని.

ఆస్పత్రి నుంచి పంపించాక ఆయన, ఆమెను వెంటబెట్టుకుని నేరుగా స్టూడియోకు వచ్చాడు. మెడ కింద రంధ్రం, దాని మీద తెల్లటి పలుచని గుడ్డ. మెట్లెక్కిన ఆయాసానికి ఊపిరి ముక్కులోంచి కాక ఆ రంధ్రంలోంచి 'స్స్, స్స్' అని వస్తోంది. నేను చేసినవన్నీ చెప్పుకొచ్చాను. ఆయన తెర మీది గీతను చూస్తూ నిలబడ్డాడు. తర్వాత కెమెరా చేతిలోకి తీసుకుని, పక్కనున్న చిన్న రబ్బరు మూతను గోటితో లేపి నాకు చూపించాడు. బయటి మైక్ పెట్టుకునే కన్నం అది. అందులో నల్లటి పిన్ను ఇరుక్కుని ఉంది. ఏదో పాత ఇయర్‌ఫోన్ పిన్ను, కన్నం అంచుకు సమంగా కోసేసి ఉంది. ఆయన తన పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. నాకు అర్థమైంది. ఆ కన్నంలో పిన్ను ఉంటే, బయట వేరే మైక్ తగిలించారనుకుని కెమెరా తన మైక్‌ను తానే కట్టేసుకుంటుంది. కెంచార్లహళ్ళి గొడవ తర్వాత ఇంకెవరి మాటా తన కెమెరాలో పడకూడదని ఆయనే ఆ పని చేశాడు. ఊరందరి మాటలతో పాటు తన మాట కూడా పోతుందన్న ఆలోచన ఆయనకు వచ్చి ఉండదు. తన గొంతు ఎక్కడికీ పోదనుకున్నాడు.

"ఏమయ్యిందమ్మా?" అని పద్మక్క అడిగింది. ఆయన చెప్పలేడు కాబట్టి నేనే చెప్పాల్సి వచ్చింది. అన్ని క్యాసెట్లలోనూ అంతేనా అంది. అంతే అన్నాను. అంతకు ముందువి లేవా అంది. ముందు తీసిన క్యాసెట్ల మీదే మళ్ళీ మళ్ళీ కొత్త పెళ్ళిళ్ళు తీశాం, ఏవీ మిగల్లేదు. జనాల ఇళ్ళల్లో ఉన్న పాత క్యాసెట్లు తర్వాత అడిగి తెప్పించి చూశాను, అన్నీ బూజు పట్టిపోయాయి. ఆమె స్టూలు ముందుకు లాక్కుని, ఉండేదేదో అదే వినిపించమంది.

నేను శబ్దాన్ని ఎంత పెంచవచ్చో అంత పెంచి, హెడ్‌ఫోన్ ఆమె చెవులకు పెట్టాను. ఖాళీ టేపును అంతగా పెంచితే వచ్చేది ఉత్త 'స్స్' శబ్దమేనని నాకు తెలుసు. ఆమె కళ్ళు మూసుకుని విన్నది. ఎక్కడో లోపల, దూరంగా అయినా ఒక ముక్క ఉంటుందేమోనని నేనూ పిచ్చిదానిలా ఆశపడ్డాను. ఆమె హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. గదిలో ఆయన ఊపిరి తీస్తున్న చప్పుడు వినపడుతోంది.

"ఈ శబ్దం దినామూ ఇంటాండాను కదమ్మా" అంది.

రవణప్పన్న కిందికి దిగిపోయాడు. ఆయన వెనకే ఆమె. బల్ల మీది కెమెరాలో ఆ పిన్ను ముక్క అట్లాగే ఉండిపోయింది.

తర్వాత కూడా ఆయన పెళ్ళిళ్ళకు వచ్చేవాడు, కెమెరా మాత్రం ముట్టుకునేవాడు కాదు. నా వెనక కుర్చీలో కూర్చుని, సమయం వచ్చినప్పుడు నా భుజం తట్టేవాడు. నేను ఆ మాట అనాలి. 'తల' దగ్గర చెయ్యి పైకెత్తేవాడు, 'తల్లీ' దగ్గర మెల్లగా దించేవాడు, కాసేపు ఆపి, తర్వాతి ముక్కను గాలిలోకి తోసేవాడు. నేను చెప్పి వెనక్కి తిరిగి చూస్తే, కాదని తల అడ్డంగా ఊపేవాడు. ఆయన ఔనని తల ఊపిన రోజు రాలేదు. గడ్డ తిరిగి వచ్చింది. ఆయన పోయినప్పుడు ఇంటి ముందు చేరినవాళ్ళలో చాలామంది ఆడవాళ్ళు తమ పెళ్ళిలో ఆయన అన్న మాటే చెప్పుకున్నారు. ఎవరికి వచ్చినట్టు వాళ్ళు అనుకరించారు, ఏ ఒక్కటీ ఆయన గొంతులా లేదు.

ఇప్పుడు స్టూడియో నాది. హెడ్‌ఫోన్ లేకుండా కెమెరా ఆన్ చెయ్యను. పాటలే కావాలన్న వాళ్ళకు పాటలు వేసిస్తాను, కానీ అక్కడి మాటలన్నీ విడిగా దాస్తాను. పెళ్ళికూతురు తల దించుకుని కూర్చుంటే ఆ మాట అంటాను. పద్మక్క వచ్చిన పెళ్ళి అయితే, అంతా అయ్యాక నా దగ్గరికి వచ్చి తప్పు దిద్దుతుంది. ఇన్నేళ్ళుగా అదే వరస. "అట్ల కాదమ్మా. తల్లీ అనేటప్పుడు ఆయప్ప గొంతు ఇంకా కిందికి దిగేది" అంటుంది. ఆమె అలా కాదన్నప్పుడల్లా నాకు ధైర్యంగా ఉండేది. అసలుది ఆమె చెవుల్లోనైనా భద్రంగా ఉందన్నమాట.

పోయిన నెల రిసెప్షన్‌లోనూ అన్నాను. అమ్మాయి తలెత్తి నవ్వింది. భోజనాలయ్యాక పద్మక్క వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆమె ముఖం అంత వెలుగుగా ఉండడం నేను చాలా కాలంగా చూడలేదు.

"ఈపొద్దు సరింగా వచ్చినాదమ్మా. అచ్చం ఆయప్పే" అంది.

మరుసటి రోజు స్టూడియోలో ఆ రికార్డింగు తీశాను. దాని పక్కన, కిందటేడు ఆమె కాదన్న పెళ్ళిలోది పెట్టాను. రెండూ మార్చి మార్చి విన్నాను. నా గొంతు ఏమీ మారలేదు. 'తల్లీ' ఎక్కడ ఆగిందో అక్కడే ఆగింది, కొంచెం కూడా కిందికి దిగలేదు.