బాపు బట్టలకు వేరే దండెం

మా క్వార్టర్ వెనక దొడ్లో రెండు దండేలు ఉండేవి. ఒకటి మా బట్టలకు, రెండోది బాపు డ్యూటీ బట్టలకు. ఆ రెండోదాన్ని అమ్మ దొడ్డి చివర, ఇంటికి ఎంత దూరం వీలైతే అంత దూరంలో కట్టింది. పొరపాటున నా లంగా దాని మీద ఆరేస్తే ఆ రోజంతా నాకు తిట్లే. తిట్టడంలో మా అమ్మకు గోదావరిఖని మొత్తంలో సాటి లేదు. ఆ విషయంలో నేనూ ఆమె కూతురినే.

ఇదంతా చెల్లి కోసం. తెలంగాణ రావడానికి ఇంకా చాలా ఏళ్లున్న రోజులవి. నాకు పదకొండేళ్లు, దానికి నాలుగు. చలికాలం వచ్చిందంటే దానికి ఆయాసం ఎగదన్నేది. ఛాతీలో పిల్లికూతలు. మాట మొదలుపెట్టి సగంలో ఆగి, నోరు తెరుచుకుని గాలి కోసం చూసేది. ఒకసారి పెదాలు నీలంగా మారాయి. ఇది బతుకుతుందా అన్న భయం ఆ రోజు నుంచి మా అందరికీ పట్టుకుంది. పైకి మాత్రం ఎవ్వరం అనలేదు.

తప్పెవరిదో అమ్మ తేల్చేసింది. బాపు బొగ్గుబావిలో పనిచేసేవాడు. దగ్గితే కళ్లె నల్లగా పడేది.

"బాయి దుమ్మంత ఇంట్లకు మోసుకొస్తున్నవ్. మనమంటే పెద్దోళ్లం, ఎట్లనో నడుస్తది. పసిపిల్ల ఏం తట్టుకుంటది?" అంది.

బాపు ఎదురు చెప్పలేదు. ఆయన అలా నోరు మూసుకుంటే నాకు ఒళ్లు మండేది. ఒక్కసారైనా గట్టిగా అరిస్తే బాగుండని ఉండేది.

మర్నాటి నుంచి కొత్త పద్ధతి మొదలైంది. బాపు ముందు గుమ్మం నుంచి రాకూడదు. దొడ్డి తలుపు తీసుకుని వచ్చి, నీళ్ల డ్రమ్ము దగ్గరే రెండుసార్లు సబ్బు రుద్దుకుని స్నానం చేసి లోపలికి రావాలి. అయినా అమ్మకు నమ్మకం కుదరలేదు. "వెంట్రుకలల్ల ఉంటది, గోర్లల్ల ఉంటది" అనేది. దాంతో బాపు చెల్లిని ఎత్తుకోవడమే మానేశాడు. అది ఉరికొస్తే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, "దూరముండు బిడ్డా, బాపుకు దుమ్మున్నది" అనేవాడు. పడక కూడా వరండాలోకి మార్చుకున్నాడు. మొదట్లో చెల్లి కాళ్లు నేలకేసి కొడుతూ ఏడ్చేది. కొన్నాళ్లకు మానేసింది. ఏడాది గడిచింది గానీ ఆయాసం తగ్గలేదు.

పొద్దున్నే పొయ్యి ముట్టించే పని నాది. వంటకు బొగ్గు కంపెనీ నుంచే వచ్చేది. పాత ఇనుప బకెట్‌కు లోపల మట్టి మెత్తి చేసిన సిగిడి మాది. కింద చెక్క పేళ్లు, కాస్త కిరసనాయిలు, పైన బొగ్గు. మా లైనులో అన్ని ఇళ్ల పొగా కలిస్తే ఎదురింటి తలుపు కనిపించేది కాదు. గ్యాస్ లేక కాదు. ఉంది. స్టవ్వు మీద పూల గుడ్డ కప్పి, సిలిండర్‌కు బొట్టు పెట్టి, చుట్టాలొస్తే చాయ్ పెట్టడానికి దాచింది అమ్మ. "మన బొగ్గు మనకుండంగ గ్యాసెందుకు?" అనేది. చలికి చెల్లి వణుకుతుంటే నాకు జాలేసేది. సిగిడి పక్కనే పీట వేసి కూర్చోబెట్టేదాన్ని.

ఆ చలికాలం దవాఖానకు కొత్త డాక్టరమ్మ వచ్చింది. అమ్మ బాపు దుమ్ము గురించి మొదటి నుంచీ చెప్పుకొచ్చింది. ఆమె అంతా విని, "వంట దేని మీద చేస్తారు?" అని అడిగింది.

"కంపెనీ బొగ్గే మేడం" అంది అమ్మ, గర్వంగానే.

"ముట్టించేటప్పుడు పాప ఎక్కడుంటుంది?"

అమ్మ నా వైపు చూసింది. "నా పక్కనే" అన్నాను.

"బట్టల దుమ్ము కూడా మంచిది కాదు, ఆ జాగ్రత్త మానొద్దు. కానీ రోజూ ఈ పాప ఊపిరి పట్టేస్తున్నది ఆ పొగ. ఇవాళే బంద్ చేయండి" అంది డాక్టరమ్మ.

నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. పొగ మానాక చెల్లికి చాలా నయమైంది, పూర్తిగా పోలేదు. ఇప్పటికీ దాని సంచిలో ఇన్‌హేలర్ ఉంటుంది. చిన్నపిల్లవు, నీకేం తెలుసులే అని ఎవరైనా ఓదారిస్తే నాకు కోపం వస్తుంది. ఆ పీట వేసింది వాళ్లు కాదు కదా.

ఆ రోజు దవాఖాన నుంచి ఇంటికి రాగానే అమ్మ పూల గుడ్డ పీకేసి, సిగిడిని తీసుకెళ్లి దొడ్లో బోర్లించింది. ఫస్టు షిఫ్టు దిగి బాపు వచ్చేసరికి డ్రమ్ము పక్కన నిలబడి ఉంది.

"ఎక్కువ నీ దుమ్ముతోని కాదట. మన పొయ్యితోనట" అంది.

బాపు సిగిడి వైపు, కింద పడిన బొగ్గు వైపు చూశాడు. సబ్బు సంగతి మరిచిపోయాడు. డ్యూటీ బట్టల్లోనే నాలుగడుగులు వేసి, చేతులు చాపి, "దా బిడ్డా" అన్నాడు.

గడప మీద ఉన్న చెల్లి రెండడుగులు వెనక్కి వేసింది. రెండు చేతులూ వీపు వెనక పెట్టుకుంది.

"దూరముండు బాపూ, నీకు దుమ్మున్నది" అంది.

బాపు చేతులు దించుకుని, సబ్బు తీసుకుని, డ్రమ్ము దగ్గరికి పోయాడు.