పాప బొంత కింద చాకు

పెళ్లికి ముందు నుంచీ నాకు పాతకాలపు మడత చాకులు సేకరించే సరదా. శ్రీకూర్మం తిరునాళ్లలో కొన్న కొమ్ముపిడి చాకుతో అది మొదలైంది. మా నాన్న వల తాళ్లు కోసుకునే చాకు కూడా నా పెట్టెలోనే ఉండేది. పాప పుట్టాక భయమేసి, ఆ పెట్టెకు తాళం వేసి బీరువా మీద పెట్టేశాను.

పాపకు తొమ్మిదో నెల. అప్పట్లో భోగాపురంలో మా అత్తగారింట్లోనే ఉండేవాళ్లం. ఒక మధ్యాహ్నం పాలు కలుపుకుని గదిలోకి వచ్చేసరికి, నిద్రలేచిన పాప మా నాన్న చాకును నోటి దగ్గరకు తీసుకెళ్తోంది. మడత వదులైపోయిన చాకు, సగం తెరుచుకుంది. నేను లాక్కునేలోపే పాప వేలు తెగింది.

నా కేకకు మావారు పరుగెత్తుకొచ్చారు. "నీ కత్తుల పిచ్చి పిల్ల ప్రాణం మీదకు తెచ్చింది. నువ్వసలు తల్లివేనా?" అని అరిచారు. పెట్టెకు తాళం సరిగా వేయలేదేమోనని నన్ను నేనే తిట్టుకుంటూ ఏడ్చాను.

గుమ్మంలోంచి అత్తయ్య అందుకుంది. "ఒరే, దాన్నెందుకు తిడతన్నావు? పిల్ల తలకింద ఇనుము ఉంటే గాలీ దిష్టీ సోకవని నేనడిగితే, తాళం తీసి ఇచ్చింది నువ్వే కదేటిరా! కోడలికి సెప్పొద్దన్నదీ నువ్వే."



అత్తయ్య నా చెయ్యి పట్టుకుని, "తప్పయిపోనాదమ్మా" అని ఏడ్చింది. ఆమె మీద నాకు కోపం లేదు. పాప వేలు కూడా త్వరగానే మానింది. కానీ అంతా తెలిసీ, నా కళ్లలోకి చూస్తూ "నువ్వసలు తల్లివేనా" అని ఆయన ఎలా అనగలిగారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.