రాళ్ల పిల్లకు పని దొరికిన ఎండాకాలం

ఆ ఏడాది మా మేడమెట్ల మీద చెప్పులకంటే రాళ్లు ఎక్కువ ఉండేవి. అవన్నీ పైగదిలో అద్దెకుంటున్న అమ్మాయి తెచ్చి పెట్టినవి. మా ఇల్లు ఉప్పల్‌లో, మెయిన్ రోడ్డుకు రెండు సందులు లోపల. పైన ఉన్న ఒక్క గదినీ యూనివర్సిటీలో చదివే ఆడపిల్లలకు అద్దెకిచ్చేవాళ్లం. తెలంగాణ రావడానికి రెండు మూడేళ్ల ముందు మాట. అప్పుడు పైన ముగ్గురుండేవారు. వాళ్లలో ఈ అమ్మాయి జనగామ దగ్గరి ఊరి నుంచి వచ్చి, ఎమ్మెస్సీ జియాలజీ చదువుతుండేది.

ఒకరోజు బట్టలారేయడానికి పైకి వెళ్తూ మెట్టు మీది రాయిని కాలితో పక్కకు నెట్టాను.

"నెట్టకుండ్రి ఆంటీ, అది నైస్" అంది పైనుంచి.

"నైసే, కాదనను. మెట్ల మీదెందుకు మరి?" అన్నాను.

నైస్ అనేది ఆ రాయి పేరనీ, మెచ్చుకోలు కాదనీ నాకు అర్థమయ్యేలోపు ఆ పిల్ల నవ్వలేక మెట్ల మీద కూలబడిపోయింది. పెళ్లయి తెనాలి వైపు నుంచి ఇక్కడికొచ్చి చాలా ఏళ్లయినా నా మాట మారలేదు. "మీరు 'వచ్చాడు, వెళ్లాడు' అంటుంటే టీవీల వార్తలు సదివినట్టే ఉంటది ఆంటీ" అని కూడా నవ్వేది. ఏదైనా పని పడితే మాత్రం 'ఆంటీ' కాస్తా 'అక్క' అయిపోయేది.

ఆ వేసవిలో బందులతో పరీక్షలు వెనక్కి జరిగి జరిగి, చివరికి ఎలాగో పూర్తయ్యాయి. తక్కిన ఇద్దరూ మర్నాడే బట్టలు సర్దుకుని ఊళ్లకు వెళ్లిపోయారు. ఈ పిల్ల మాత్రం కదల్లేదు. నేను నల్లా దగ్గర డ్రమ్ము నింపుకుంటుంటే వచ్చి పక్కన నిలబడింది.

"అక్కా."

ఏదో పని పడిందని తెలిసిపోయింది. "చెప్పు" అన్నాను.

"ఇంటికి పోబుద్ధి అయితలేదు. పోతే సెలవులన్ని దినాలు టీవీ ముంగట కూసునుడే. సెలవులైనంక మా క్లాసోళ్లందరు కర్నూలు దిక్కు గుహలు సూడపోతున్రు. మా నాయినను అడగకుంట నా సొంత పైసల్తోని పోవాలె నేను. ఏదన్నా పని సూసిపెట్టవా?"

"ఏం పని చేస్తావే?"

"ఏదైనా చేస్త. నాలుగు గోడల నడుమ మాత్రం కూసోబెట్టకు."

నేనప్పుడు నాచారంలో, బోరు మోటార్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో పనిచేసేదాన్ని. తయారైన మోటార్లను లారీల్లోకి ఎక్కించి పంపే సెక్షన్ నాది. మర్నాడు మా ఓనరుగారిని అడిగాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "జియాలజీ అంటే రాళ్ల సదువు గదమ్మా? మన దగ్గర రాళ్లతోటి ఏం పని? ప్యాకింగ్‌ల కూసుంటదా అడుగు" అన్నారు. అడిగాను. వస్తానంది. పొద్దున వచ్చి, రేకుల షెడ్డులో అట్టపెట్టెలకు టేపు అంటించడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం నా టేబుల్ దగ్గరకొచ్చింది. మొహమంతా చెమట, జుట్టులో టేపు ముక్కలు.

"ఆంటీ, ఇంకొంచెం సేపు ఉంటె నన్ను గూడ డబ్బల పెట్టి ప్యాక్ జేసుకుంట."

సరే, ఇది మన వల్ల కాదని వదిలేశాం. తర్వాత నాచారంలోని మందుల కంపెనీల చుట్టూ తిరిగాం. లంచ్ టైములో నేనూ వెంట వెళ్లేదాన్ని. ఒక గేటు దగ్గర వాచ్‌మన్ ఆ పిల్ల బయోడేటా తీసుకుని, మడిచి, దానితోనే విసురుకోవడం మొదలుపెట్టాడు. "జర లోపలియ్యరాదే అన్నా" అని ఆమె బతిమాలితే, "ఇస్త బిడ్డా, ఈ ఎండ తగ్గనీయ్" అన్నాడు. ఇద్దరం నవ్వుకుంటూ చెరుకురసం బండి దగ్గరకు పోయాం. నవ్వాను గానీ, ఆ పిల్ల ముందు నేను అన్నీ తెలిసినదానిలా ఫోజు కొట్టి ఏమీ చేయలేకపోతున్నానని లోపల బాధగానే ఉంది.

అప్పుడు నా మరిది గుర్తొచ్చాడు. వరంగల్ రోడ్డు మీద నారపల్లి దగ్గర పొలాలన్నీ ప్లాట్లవుతున్న రోజులవి. అక్కడ ఒక వెంచర్‌లో మావాడు సేల్స్ మేనేజరు. ఫోన్ చేస్తే ఎగిరి గంతేశాడు.

"పంపించు వదినా! ఆదివారాలు కస్టమర్లు కార్లలో వస్తారు. ప్లాట్లు తిప్పి చూపించాలి, మజ్జిగ ఇవ్వాలి, నవ్వుతూ మాట్లాడాలి. అంతే."

నవ్వుతూ మాట్లాడడానికి ఈ పిల్లను మించినవాళ్లు ఎవరున్నారు! పైగా నాలుగు గోడలు లేవు, అసలు గోడలే లేవు. ఆదివారం పొద్దున్నే నా కాటన్ చీర ఒకటి కట్టుకుని, జడలో పిన్నులు పెట్టుకుని, బస్సెక్కి వెళ్లింది. సాయంత్రం ఆ పిల్లకంటే ముందు మరిది ఫోన్ వచ్చింది.

"వదినా, ఆ అమ్మాయిని ఎక్కడ పట్టావు నువ్వు? నా కొంప ముంచింది."

"ఏం చేసింది?"

"ఒకాయన మిలిటరీలో చేసి రిటైరయ్యాడు. భార్యను తీసుకుని సైనిక్‌పురి నుంచి వచ్చాడు. తూర్పు ముఖం ప్లాటు, పార్కు ఎదురుగా. దాదాపు ఖాయమైపోయింది. నీళ్లెలా ఉంటాయమ్మా అని ఈ పిల్లను అడిగాడు. బాగుంటాయండీ అనొచ్చు కదా? నేల మీద కూర్చుని మట్టి గీకి, ఇక్కడ కింద అంతా ఒకటే బండ సార్, బోరు వేస్తే దుమ్మే వస్తుంది అని చెప్పింది! ఆయనే కాదు, వెనకాల నిలబడ్డ ఇంకో రెండు కుటుంబాలు కూడా కారెక్కి వెళ్లిపోయాయి."

నాకు నవ్వాగలేదు. అది విని మావాడు ఇంకా మండిపడి ఫోన్ పెట్టేశాడు.

చీకటి పడుతుండగా ఆ పిల్ల వచ్చింది. చీర కుచ్చిళ్ల నిండా ఎర్రమట్టి. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"మీ మరిదిగారు రావద్దన్నడు ఆంటీ. నేనేం జేయాలె చెప్పుండ్రి? ఆయన నన్ను అడిగిండు. అడిగినంక అబద్ధం ఎట్ల జెప్త? మజ్జిగ మాత్రం మంచిగనే ఇచ్చిన."

"మజ్జిగ ఇచ్చావుగా, చాలు. కాళ్లు కడుక్కో, అన్నం తిందాం" అన్నాను. సాంబారు వేయబోతే చెయ్యి అడ్డంపెట్టి, "ఇంటికి పోత ఆంటీ. ఈ సదువుకు బయట ఎవ్వరికి పని లేదు" అంది. అంత వాగే పిల్ల అలా అనేసరికి నాకు అన్నం సహించలేదు.

మర్నాడు సాయంత్రం మా గేటు ముందు ఒక పాత స్కూటర్ ఆగింది. తెల్ల మీసాలు, ఇస్త్రీ చొక్కా, నిటారు మనిషి. సైనిక్‌పురి ఆయన! నా మరిది ఆఫీసులోనే ఎవర్నో అడిగి మా అడ్రసు పట్టుకుని వచ్చాడు.

"నిన్న నిజం చెప్పిన బిడ్డ ఏదమ్మా?" అన్నాడు లోపలికి వస్తూనే.

పైనుంచి ఆమె దిగి వచ్చింది. ఏం తిడతాడోనని నా వెనకే నిలబడింది.

"ప్లాటు సంగతి ఇడిసిపెట్టు బేటా. మా ఇంట్ల బోరు ఎండిపోయింది. మా గల్లీ మొత్తం ట్యాంకర్ కోసమే ఎదురుచూపులు. కొత్తది ఎక్కడ ఏయాల్నో చెప్తవా?"

"ఊకే సూసి చెప్పరాదు సార్. మిషన్ కావాలె. భూమిల రాడ్లు కొట్టి, కరెంటు పంపించి, కింద తడి ఉన్నదా లేదా సూడాలె. మా డిపార్ట్‌మెంట్ మిషన్ సెలవులల్ల బయటకియ్యరు" అంది.

మిషన్ అనే మాట వినగానే నాకు ఒకాయన గుర్తొచ్చాడు. అంతవరకూ ఎందుకు తట్టలేదో! మా కంపెనీకి మోటార్ల కోసం వచ్చేవాడు. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఒక షట్టర్ అద్దెకు తీసుకుని, బోర్లకు చోటు చూసిపెట్టే సర్వే పని చేసేవాడు. ఎండాకాలం వచ్చిందంటే చేతినిండా పని, చేసే మనుషులు మాత్రం నిలవరు అని మా ఆఫీసులో కూర్చుని ఎన్నిసార్లు మొత్తుకున్నాడో. మర్నాడు పొద్దున్నే ఆ పిల్లను తీసుకుని వెళ్లాను.

సర్వే ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. "ఎండల తిరగాలమ్మా. వైర్లు గుంజాలె, సుత్తితోటి రాడ్లు కొట్టాలె. మొన్న ఒక పోరడు వచ్చి, సగం దినం చేసి, నీళ్లు తాగొస్త అని పోయి మల్ల రాలె."

ఈ పిల్ల భుజానికున్న సంచిలో చెయ్యి పెట్టి ఒక సుత్తి తీసి బల్ల మీద పెట్టింది. పిడి అరిగి నున్నగా ఉంది.

"మా ఫీల్డు వర్కుల నా సామాను నేనే మోస్త సార్. నీళ్లు గూడ నేనే తెచ్చుకుంట."

ఆయన సుత్తిని చూశాడు, నన్ను చూశాడు, గట్టిగా నవ్వాడు. "ఫస్టు ఎక్కడికి పోదాం మరి?"

"సైనిక్‌పురి" అన్నాం ఇద్దరం ఒకేసారి.

ఆ ఆదివారం సెలవు కాబట్టి నేనూ వెళ్లాను. నిశ్శబ్దంగా ఉండే వీధి, ప్రతి ఇంటి ముందూ ఖాళీ ప్లాస్టిక్ డ్రమ్ములు. గేటు తీసేసరికి అక్కడ మాకంటే ముందే ఇంకొకాయన ఉన్నాడు. నుదుట బొట్టు, అరచేతిలో కొబ్బరికాయ. మిషన్ల మీద నమ్మకం లేక ఇంటావిడ ఈయన్ని పిలిపించిందట. మిలిటరీ ఆయన ఇబ్బందిగా మీసం దువ్వుకున్నాడు.

"ఇద్దరు సూడుండ్రి. తప్పేమున్నది?" అన్నాడు.

కొబ్బరికాయ ఆయన అరచెయ్యి చాపి, పడుకోబెట్టిన కాయను మోస్తూ పెరడంతా మెల్లగా నడిచాడు. కింద నీళ్లుంటే కాయ లేచి నిలబడుతుందట. మునగచెట్టు కింద ఒకసారి, పాత బోరు పక్కన ఒకసారి, గేటు మూలన ఒకసారి నిలబడింది. మూడుచోట్లా ముగ్గుతో గుర్తులు పెట్టాడు. ఇటు ఈ పిల్ల చున్నీ నడుముకు బిగించి, ఇంటి పక్క మట్టిసందులోనూ పెరట్లోనూ ఇనుపరాడ్లు దిగ్గొడుతూ, వైర్లు లాగుతూ, సర్వే ఆయన మిషన్‌లో అంకెలు చెబుతుంటే రాసుకుంటూ తిరిగింది. ఎదురింటి వాళ్లు కుర్చీలు తెచ్చుకుని మరీ చూశారు. ఎండ మండిపోతోంది. నేను గొడుగు పట్టబోతే, "మీరు పట్టుకోండ్రి ఆంటీ, నాకు అడ్డమొస్తది" అంది.

మధ్యాహ్నానికి సర్వే ఆయనా ఈ పిల్లా కాగితం ముందు తలలు దగ్గరపెట్టి కూర్చున్నారు. తర్వాత లేచి ఆమె గేటు మూలకు నడిచి, "ఇక్కడ" అంది. ముగ్గు గుర్తుకు మూరెడు దూరం కూడా లేదు.

కొబ్బరికాయ ఆయన చప్పట్లు కొట్టాడు. "సూసినవా బిడ్డా! నీ మిషన్ గూడ నా కాయ మాటనే ఇన్నది."

"నువ్వు మూడు చెప్పినవ్ గద తాతా, నేను ఒక్కటే చెప్పిన."

"మూడిట్ల నీది ఉన్నదా లేదా?"

అందరూ నవ్వారు, కొబ్బరికాయ ఆయన కూడా. ఇంటావిడకైతే ప్రాణం కుదుటపడింది. ఎవర్నీ కాదనాల్సిన పని లేకుండా పోయింది కదా.

బోరు లారీ వచ్చినరోజు మధ్యాహ్నం నేను పర్మిషన్ పెట్టి వెళ్లాను. ఆ పిల్ల ఆ ముందురోజు అన్నం సరిగ్గా తినలేదు. మిషన్ మొదలయ్యాక చెవులు దిమ్మెక్కిపోయాయి. నేల అదురుతోంది. తెల్లటి దుమ్ము లేచి వీధంతా కమ్మేసింది. చుట్టుపక్కల కిటికీలన్నీ టపటపా మూసుకున్నాయి. ఒకదాని తర్వాత ఒకటి రాడ్లు దిగుతూనే ఉన్నాయి, దుమ్ము వస్తూనే ఉంది. పొద్దు వాలుతోంది. బోరు మేస్త్రి మా వైపు చూసి, పెదవి విరిచి, ఆపనా అన్నట్టు చెయ్యి తిప్పాడు. మిలిటరీ ఆయన సర్వే ఆయన వైపు చూశాడు. ఆయన ఈ పిల్ల వైపు చూశాడు. ఆమె నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజులు నొక్కుకుని గుర్తులు పడ్డాయి.

"ఇంకొంచెం పోనియ్యుండ్రి సార్. బండల పగులు ఉండాలె, నీళ్లు అందులనే ఉంటయి" అంది.

ఇంకో రాడ్డు దిగింది. అప్పుడు దుమ్ము రంగు మారింది. మొదట ముద్దముద్దగా, తర్వాత బురదగా, ఆ తర్వాత ఒక్కసారిగా బుస్సుమని బూడిదరంగు నీళ్లు చిమ్మాయి. పక్కకు తప్పుకునే లోపే అందరం తడిసిపోయాం. మూసిన కిటికీలు మళ్లీ తెరుచుకున్నాయి. ఆ పిల్ల కెవ్వుమని అరిచి, బురదలో గంతులేస్తూ వచ్చి నన్ను వాటేసుకుంది. మిలిటరీ ఆయన ఇస్త్రీ చొక్కా బురదలో తడిసి ఒంటికి అతుక్కుపోయింది. ఆయన అలాగే నిలబడి ఆమెకు సెల్యూట్ కొట్టాడు. నవ్వులాటకు కాదు, నిజంగానే. ఇంటావిడ లోపల్నుంచి ఇంత పెద్ద గిన్నెతో సేమియా పాయసం తెచ్చింది. మేస్త్రితో సహా అందరం గేటు ముందే నిలబడి తాగాం.

ఆ వీధిలోనే ఇంకో మూడు నాలుగు ఇళ్లవాళ్లు పిలిచారు. అన్నిచోట్లా నీళ్లు పడలేదు. ఒకచోట దుమ్మే వచ్చింది. ఆ రోజు ఆమె దిగులుగా వస్తే సర్వే ఆయన వెంట వచ్చి, "నా సర్వీసుల ఎన్ని ఫెయిలైనయో నీకు చెప్తే నవ్వుతవ్ బిడ్డా, ఫికర్ జెయ్యకు" అని నచ్చజెప్పి వెళ్లాడు. సెలవులు అయిపోయేదాకా ఆయన బండి వెనక కూర్చుని నాచారం, సైనిక్‌పురి, ఘట్‌కేసర్ దాకా తిరిగింది. సాయంత్రం వచ్చి ఆ రోజు చూసినవన్నీ నాకు చెప్పేది. నేను కూరలు తరుగుతూ వినేదాన్ని. మా కంపెనీలో నేను రోజూ లారీలకెక్కించే మోటార్లు ఎక్కడికి పోతాయో, ఎలాంటి చోట దిగుతాయో ఆ పిల్ల చెబితేనే నాకు తెలిసింది.

సెలవులు ముగిసే ముందు వాళ్లమ్మ ఊరినుంచి వచ్చింది. కూతుర్ని చూసి గుమ్మంలోనే నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"ఇదేంది బిడ్డా, గిట్ల నల్లగైనవ్? పొయ్యిల వడ్డవా ఏంది?"

"పని జేసిన అమ్మా."

"ఏం పని?"

చెప్పింది. అంతా విని ఆవిడ కూతురి అరచేతులు తిప్పి చూసింది. తర్వాత నా వైపు తిరిగి, "మంచిదేనా అమ్మా ఈ పని?" అని మెల్లగా అడిగింది. మంచిదేనన్నాను. పాయసం సంగతి, సెల్యూట్ సంగతి చెప్పాను. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. కర్నూలు ప్రయాణానికి సకినాలు చేసి పంపిస్తానంది.

ఆ పిల్ల గుహలు చూడడానికి బయలుదేరే ముందురోజు, మా ఇంట్లో కూడా ఒక బోరు వేయించుకుంటే ఈ నల్లా బాధ తప్పుతుంది కదా, ఓసారి చూసిపెట్టమని అడిగాను. మొహమాటపడుతుందేమో అనుకున్నాను. సుత్తి తెచ్చి, ఇంటి చుట్టూ రెండుసార్లు తిరిగి, పునాది పక్క రాయిని కొట్టి చూసింది.

"మీ ఇంట్ల వద్దు అక్కా, మొత్తం బండే" అంది. "డ్రమ్ములే పెద్దయి కొనుక్కోండ్రి."

ఆ సాయంత్రమే ఉప్పల్ మార్కెట్‌కు వెళ్లి ఒక పెద్ద నీలం డ్రమ్ము కొన్నాను. దాన్ని పై పంచలోకి ఎక్కించడానికి ఇద్దరం కలిసి ముందు మెట్ల మీది రాళ్లన్నీ తీయాల్సి వచ్చింది.