ఊఁ కొట్టించుకునే మేడం

పాలకొల్లు కాలేజీలో మాకు కంప్యూటర్ నెట్‌వర్క్స్ చెప్పిన మేడం, పాఠాన్ని కథలా చెప్పేవారు. మేం ఊఁ కొట్టకపోతే ఆగిపోయేవారు. పక్క సెక్షన్ వాళ్ళు నవ్వేవాళ్ళు.

"పూర్వం ఒక్కో నెట్‌వర్క్‌దీ ఒక్కో పద్ధతి. ఒకదాని మాట ఇంకోదానికి అందేది కాదు. చివరికి అన్నీ ఒకే పద్ధతికి ఒప్పుకున్నాయి. కబురును ముక్కలు చేసి పంపడం, అవతలివాళ్ళు ఊఁ అన్నారో లేదో చూసుకోవడం."

"అనకపోతేనండీ?" అన్నాను.

"విసుక్కోకుండా మళ్ళీ పంపాలమ్మా."

ఇన్నేళ్ళకి మొన్న మేడంని చూడ్డానికి వాళ్ళింటికి వెళ్తే, "ఎవర్నీ గుర్తుపట్టడం లేదండి," అన్నారు వాళ్ళ కోడలు గారు. నా పేరు చెప్పాను. మేడం కిటికీ వైపే చూస్తున్నారు. మళ్ళీ చెప్పాను. చూపు తిప్పలేదు. పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, "పూర్వం ఒక్కో నెట్‌వర్క్‌దీ ఒక్కో పద్ధతండి," అని ఆగాను.

"ఊఁ," అన్నారు మేడం.